కంప్యూటరుకు తొడిగిన రెయిన్‌కోటు

ఒక కంప్యూటరును పాడుచేయడానికి లోకంలో చాలా దారులున్నాయి. నీళ్ళు ఒలకబోయవచ్చు, మెట్ల మీద నుంచి దొర్లించవచ్చు, సెలవులకొచ్చిన బంధువుల పిల్లల చేతికివ్వవచ్చు. కానీ అతిప్రేమతో దాని ప్రాణం తీసి, ఆ నేరాన్ని కన్నతల్లి పాటల మీద రుద్దిన ఘనుడు మా మార్కాపురం మొత్తానికి నేనొక్కడినే. ఈ సంగతి నేను దాచిపెట్టుకుందామన్నా కుదరదు. మా చుట్టుపక్కల చర్చిల్లో ఏటా దీన్ని పాడుకుంటున్నారు. అదెట్లా అంటారా, చివరిదాకా ఓపిక పట్టండి. ఎలాగూ పోయిన పరువే కాబట్టి దగ్గరుండి నేనే సాగనంపుతున్నాను.

మాది పలకల పని చేసుకునే కుటుంబం. మీరు చిన్నప్పుడు రాతిపలక మీద అక్షరాలు దిద్ది ఉంటే, ఆ రాయిని కోసింది మా నాయన యాకోబు కావచ్చు, దాని చుట్టూ చెక్క బిగించి మేకులు కొట్టింది మా అమ్మ సువార్తమ్మ కావచ్చు. మా వీధిలో పలకల దుమ్ము ఇంటి మనిషితో సమానం. రేషన్ కార్డులో దాని పేరు లేదు గానీ, తినేటప్పుడు కంచంలో, పడుకునేటప్పుడు దిండు మీద, పెళ్ళికి పోయేటప్పుడు ఇస్త్రీ చొక్కా మడతల్లో మాతోపాటే ఉంటుంది. అందుకని మా ఇళ్ళలో ప్రతి వస్తువుకూ ఒక గుడ్డ. నీళ్ళ కుండకు గుడ్డ, టీవీకి గుడ్డ, పనికి పోయే నాయన ముక్కుకు తడి తువ్వాలు. కొత్త వస్తువు ఇంట్లోకి రాగానే మేము మొదట చూసేది దాన్ని ఎట్లా వాడాలా అని కాదు, ఎట్లా కప్పాలా అని.

అమ్మ ఎన్ని వేలమంది పిల్లలకు పలకలు బిగించిందో గానీ తనకు మాత్రం చదువు రాదు. సంతకం ఒక్కటి వచ్చు. అది కూడా 'సు' రాసి, కాస్త ఊపిరి తీసుకుని, మిగతాది రాస్తుంది. పాటలు మాత్రం కడుతుంది. మేకు మీద సుత్తి పడుతుంటే అదే తాళం. మధ్యాహ్నానికి పల్లవి పుడుతుంది, పొద్దుగూకేసరికి చరణాలు. ఆదివారం చర్చిలో పాడితే విన్నవాళ్ళు నేర్చుకుని వాళ్ళ ఊళ్ళకు పట్టుకుపోతారు. ఒకసారి కురిచేడులో ఏదో ప్రార్థన కూటానికి పోయి వచ్చి, అమ్మ అన్నం కంచం పక్కకు జరిపింది.

"ఆడ నా పాటే పాడినారురా దాన్యేలూ. పాడినామె వాళ్ళ చిన్నమ్మ కట్టిందని చెప్పుకున్యాది. నేనేమీ అనలా."

అందుకే మా పాస్టరయ్యగారు ఆ మాట అన్నరోజు అమ్మకు కాళ్ళు నేలమీద ఆనలేదు. వచ్చే వారం కంభంలో స్త్రీల కూటం ఉందట. "సువార్తమ్మా, నీ పాటలన్నీ టైపు చేయించి శుక్రవారం మధ్యాహ్నానికి నాకిస్తే కంభంలో ప్రెస్సువాళ్ళు చిన్న పుస్తకం వేసిస్తామన్నారు. అట్ట మీద నీ పేరుంటుంది" అన్నారాయన. శుక్రవారం దాటితే ప్రెస్సులో పెళ్ళిపత్రికల వరద, ఇక మన మాట వినరు.

"టైపు చేసేదానికి మా వాడుండాడు గదయ్యా" అంది అమ్మ, ఛాతీ రెండంగుళాలు పెంచి.

మా వాడంటే నేను. మూడు నెలల కంప్యూటర్ కోర్సు పాసై, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించినవాణ్ణి. పైగా పది రోజుల ముందే సొంత కంప్యూటరు కొన్నవాణ్ణి. గిద్దలూరులో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే పాతది దొరికింది. అమ్మినాయన తన బిడ్డను అత్తగారింటికి పంపుతున్నట్టు మొహం పెట్టి చెప్పాడు: "తమ్ముడూ, దీనికి ఒకే ఒక్క శత్రువు, దుమ్ము. దుమ్ము తగలకుండా చూసుకున్నావనుకో, పదేండ్లు తిరుగుండదు."

ఆ పెట్టెను ప్యాసింజరు రైల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. దారంతా నా చెవిలో ఒకటే మాట మోగుతోంది. దుమ్ము. ఈయన నేను మార్కాపురం మనిషినని తెలియక హెచ్చరించాడు పాపం. దుమ్ముతో యుద్ధం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంటికి రాగానే పెట్టె చుట్టూ తిరిగి చూస్తే గుండె జారిపోయింది. వెనక జల్లెడ, పక్కన జల్లెడ, ముందు కింద ఇంకో జల్లెడ.

"ఇన్ని బెజ్జాలెందుకురా దీనికి?" అంది అమ్మ.

"తయారుచేసినోనికి తెలివి లేదమ్మా. వాడు మన వీధి చూసినాడా ఏమన్నానా?"

తెలివి ఉన్నవాణ్ణి నేనున్నాను కదా! పార్శిళ్ళకు అంటించే బ్రౌన్ టేపు రెండు చుట్టలు తెచ్చాను. ఒక్క బెజ్జం వదలకుండా, ఒక జల్లెడ తర్వాత ఇంకో జల్లెడకు అంటించాను. వైర్లు దూరే చోట దూది కూరాను. అప్పటికీ మనసు ఒప్పక, నాయన పాత రెయిన్‌కోటు తెచ్చి పైనుంచి తొడిగి గుండీలు పెట్టాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు కంప్యూటరు వస్తే నడి వేసవిలో దానికి రెయిన్‌కోటు తొడిగాను. మీరు ఇప్పటికే నవ్వుతున్నారని తెలుసు. నేను మాత్రం ఆ రోజు నాలుగడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, చీమ కూడా దూరలేదు అనుకుంటూ మురిసిపోయాను.

దుమ్ము భయంతో అప్పటిదాకా దాన్ని ఆన్ కూడా చేయలేదు, సోమవారం ప్రారంభం. అమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఫోటో దిగేదానిలా నా పక్కన కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"పలక మీద గీసిన గీతలే నా పాపములు... రాసినావా?"

"రాసినా."

"ఇంక చరణం. తడిచేత తుడిచితివి తండ్రీ, గురుతైన మిగలకుండ... రాసినావా?"

"రాసినా గానీ, నువ్వు ప్రతిదానికీ అడగాకు."

ఒక పాట అయింది. రెండో పాట అయింది. మూడో పాటలో ఆఖరి చరణం అమ్మ గొంతెత్తి అందుకుందో లేదో, తెర నల్లబడింది. పెట్టె ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

"ఏమైంది నాయనా?"

"ఏం లేదమ్మా. కరెంటు పోయింది."

అమ్మ నెత్తిమీద బల్బు వైపు చూసింది. "లైటు వెలుగుతానే ఉండాది గదరా?"

"అది వేరే కరెంటమ్మా."

మధ్యలో సేవ్ చేసుకోలేదా అని మీలో ఎవరో గొణుగుతున్నారు. వినబడింది. మూడు నెలల కోర్సులో ఆ పాఠం చెప్పిన రోజు నేను మా చిన్నాన్న కొడుకు పెళ్ళిలో వడ్డన చేస్తున్నాను. మూడు పాటలూ గాలిలో కలిసిపోయాయి. మళ్ళీ ఆన్ చేస్తే ఐదు నిమిషాలకు మళ్ళీ అదే తంతు. ఒక గంట వదిలేస్తే ఇరవై నిమిషాలు బతుకుతుంది, వెంటనే లేపితే ఐదు నిమిషాలే.

మా వీధి మొదట్లో ఖాసిం మామ దుకాణం ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు రిపేరు చేస్తాడు. అమ్మ చెప్పినట్టుంది, సాయంత్రం టీ గ్లాసుతో అలా వచ్చి, రెయిన్‌కోటు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"అరె బేటా, దీనికి జ్వరం వచ్చినట్టుండాదే. మోటారు కాలే ముందు ఇట్లనే ఉంటాది."

నాకు నవ్వొచ్చింది. "మామా, ఇది మిక్సీ కాదు. కంప్యూటరు. దీంట్లో సాఫ్ట్‌వేర్ ఉంటాది."

"అచ్ఛా. సాఫ్ట్‌వేర్‌కు జ్వరం రాదా?"

"రాదు మామా. వైరస్ వస్తాది."

"వైరస్ వస్తే జ్వరం రాదా?"

"అది నీకు అర్థం కాదులే మామా."

"సరే బేటా, దుకాణంలోనే ఉంటా" అని గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన అరచేతిలో ఉన్న తెలివి నా గోడ మీది సర్టిఫికెట్టులో లేదని తెలియడానికి నాకు ఇంకా మూడు రోజులు పట్టింది.

మంగళవారం వైరస్ వేట. స్కానింగు పెడితే సగం కూడా కాకముందే పెట్టె చచ్చింది. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ చచ్చింది. "చూసినావా, వైరస్ ఎంత తెలివిగా ఉందో! పట్టుకోబోతే ముందే ఆపేస్తాంది" అని అమ్మతో అన్నాను. అమ్మ భయపడి వెనక్కి జరిగింది. మధ్యాహ్నం అనుమానం కరెంటు మీదికి పోయింది. పెరట్లో మూరెడు లోతు గుంట తవ్వి, ఉప్పూ బొగ్గులూ వేసి, ఎర్తింగు వైరు పాతాను. ఆ గుంటలో రోజూ బిందెడు నీళ్ళు పోయాలని అమ్మకు డ్యూటీ వేశాను. ఆ వేసవిలో మా వీధికి ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది. అమ్మ తన స్నానం నీళ్ళు తగ్గించుకుని గుంటకు పోసింది.

బుధవారం పొద్దున ఇంకో జ్ఞానోదయం. లోపల ర్యామ్ అనే ముక్క ఉంటుంది, దాని పళ్ళను పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దితే ఎంతటి జబ్బైనా పోతుందని మా కోర్సులో ఒక పెద్దమనిషి చెప్పాడు. రెయిన్‌కోటు విప్పి, పక్క రేకు ఊడదీసి, ర్యామ్ తీసి రుద్ది పెట్టాను. రేకు పక్కనే పెట్టి ఆన్ చేశాను.

అద్భుతం! ఒక పాట, నాలుగు పాటలు, ఎనిమిది పాటలు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా చెక్కుచెదరలేదు. అప్పటికి సేవ్ చేయడం కూడా నేర్చుకున్నాను లెండి. పన్నెండు పాటలు పూర్తయ్యేసరికి అమ్మ మొహం వెలిగిపోయింది. "దేవునికి స్తోత్రం" అంది. నేను మనసులో రబ్బరుకు స్తోత్రం అనుకున్నాను.

తర్వాత ఏం చేశానో చెప్పమంటారా? అంత మంచిగా పనిచేసిన యంత్రాన్ని దుమ్ముకు వదిలేస్తానా! రేకు బిగించాను. ఈసారి టేపు రెండు పొరలు. రెయిన్‌కోటు, గుండీలు. ఆన్ చేస్తే పావుగంటకు టపీమని ఆగింది. తెరిస్తే బతికింది, మూస్తే చచ్చింది. పలక పట్టని పిల్లవాడికి కూడా తెలిసే లెక్క అది. నాకు మాత్రం ఇందులో ఒకటే కనిపించింది: "విండోస్ పాడైంది. ఫార్మాట్ కొట్టాలి."

కొట్టాను. రెండుసార్లు మధ్యలో ఆగింది. గురువారం తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మూడోసారి పూర్తయింది. కంప్యూటరు కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతూ పైకి లేచింది. దాంట్లో విండోస్ ఉంది, ఆకుపచ్చ కొండల బొమ్మ ఉంది, నా పేరు ఉంది. అమ్మ పన్నెండు పాటలు లేవు.

అమ్మకు ఆ మాట చెప్పడానికి కాఫీ గ్లాసు పట్టుకుని అరగంట తిరిగాను. చెప్పాక అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, "పోతే పోయినాయిలే, నోట్లోనే ఉండాయి గదా. కూర్చో" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలు వాయించి ఉంటే ఇంకా బాగుండేది.

మళ్ళీ మొదటి పాట. ఎండ ఎక్కింది. మళ్ళీ తెర నల్లబడింది. ఇంకో రోజు మాత్రమే ఉంది. నా దగ్గర అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు. వైరస్ అయింది, కరెంటు అయింది, ర్యామ్ అయింది, విండోస్ అయింది. గదిలో మిగిలింది మేమిద్దరం. నన్ను నేను అనుమానించుకునేంత వినయం నాకు ఆ వయసులో లేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట.

"అమ్మా, అసలు సంగతి తెలిసింది. నీ పాటలే దీనికి బరువైతన్నాయి."

"బరువా?"

"ఒక్కో పాటకు ఐదేసి చరణాలు కడితే ఎట్ల మోస్తాది? ఆఖరి చరణం కాడికి రాంగానే పడిపోతాంది, చూస్తానే ఉండావు గదా. మూడేసికి తగ్గించు."

అమ్మ నమ్మింది. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఉన్నవాడు చెబితే ఎందుకు నమ్మదు? కాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో చరణమే తీసేసింది. 'పలక మీద గీసిన' పాటలో తడిచేత తుడిచే చరణం దగ్గర చాలాసేపు ఆగి, "ఇది కూడా తీసేయాల్నా?" అంది. "తీసేయమ్మా" అన్నాను, కీబోర్డు వైపే చూస్తూ. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

మూడు చరణాల పాట మొదలైంది. రెండో చరణంలోనే తెర నల్లబడింది.

అమ్మ ఈసారి ఏమైందని అడగలేదు. చీర కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా అంది: "ఒరే దాన్యేలూ, దేవునికే ఇష్టం లేదేమోరా. చదువు రానిదానికి పుస్తకమేందని అనుకున్నాడేమో. అయ్యగారికి వద్దులే అని చెప్పు."

"చూద్దాంలే" అన్నాను. రెయిన్‌కోటు గుండీ ఒకటి ఊడితే మళ్ళీ పెట్టాను.

అప్పుడొచ్చాడు నాయన, పని నుంచి. ముక్కుకు కట్టిన తడి తువ్వాలు విప్పుకుంటూ, కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని అమ్మ మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. తర్వాత తన రెయిన్‌కోటును చూశాడు.

"నా కోటు దీని మీద ఏం చేస్తాంది?"

"దుమ్ము పడకుండా నాయనా."

కోటు విప్పి పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "రొట్టెల పెనం మాదిరి కాలతాందేందిరా! ఈ టేపు ఏంది?"

"అది కూడా దుమ్ముకే."

"గాలి యాడ్నుంచి పోతాది?"

"దానికి గాలెందుకు నాయనా, అదేమన్నా మనిషా?"

"మరి లోపల తిరిగే చప్పుడేంది?"

"ఫ్యాను."

"ఫ్యాను ఎందుకు పెట్టినాడు?"

మూడు నెలల కోర్సు మొత్తం నా కళ్ళముందు గిర్రున తిరిగింది, దాంట్లో ఎక్కడా ఫ్యాను లేదు.

నాయన పక్కనే నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి దగ్గాడు, దగ్గి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని అన్నాడు: "ముప్పయ్యేండ్లు ఆ దుమ్ములోనే ఉండాను గదరా. ముక్కుకు గుడ్డ కట్టుకున్యా గానీ, టేపు ఏసుకోలేదురా నాయనా!"

అమ్మ కూడా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. ఆ నవ్వు వినగానే నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. "అమ్మా, నీ పాటల్లో ఏ బరువూ లేదు. తప్పంతా నాదే" అన్నాను.

"తెలిసిందిలే. ముందు ఆ టేపు పీకు."

పీకాను. రెండు పొరలూ చర్రుచర్రున ఊడిపోతుంటే, లోపల్నుంచి వేడిగాలి అన్నం కుండ మూత తీసినట్టు మొహాన కొట్టింది. నాయన పోయి ఖాసిం మామను పిలుచుకొచ్చాడు. ఆయన చంకలో ఒక టేబుల్ ఫ్యాను. దాన్ని పెట్టె వైపు తిప్పి పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "క్యా బేటా, మిక్సీ కాదంటివి" అన్నాడు. నాలుగు మాటలు అని ఉంటే సగమైనా మర్చిపోయేవాణ్ణి, ఆ ఒక్కటి ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఆ తర్వాత ఆ కంప్యూటరు ఆగితే ఒట్టు. అమ్మ పాడుతూనే ఉంది, నేను కొడుతూనే ఉన్నాను. మొదటి పాటలో తీసేసిన చరణం దగ్గరికి వచ్చేసరికి నేనే ఆగి, "తడిచేత తుడిచితివి... అది చెప్పమ్మా" అన్నాను. అమ్మ కళ్ళు మూసుకునే చెప్పింది. తీసేసిన చరణాలన్నీ ఒక్కటి తప్పకుండా తిరిగొచ్చాయి. శుక్రవారం పొద్దున పది గంటలకల్లా ఇరవై పాటలు అయ్యాయి.

"ఇంకొకటుండాది, రాయి. రాత్రి కట్టినా" అంది అమ్మ.

"చెప్పు."

"ముక్కు మూసి ఊపిరేదని వెదకు మూఢునికి, గాలివి నీవే గదా తండ్రీ, తెరువవా తెరలు... రాసినావా?"

నా వేళ్ళు ఆగిపోయాయి. "అమ్మా, ఈ మూఢుడు ఎవురు?"

"పాపులందరూనురా. రాయి."

"అందరూ ముక్కు మూసుకోరు గదా?"

"నువ్వు ప్రతిదానికీ అడగాకు" అంది అమ్మ, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

నా చేత్తో నేనే టైపు చేశాను. మధ్యాహ్నానికి అయ్యగారికి అందింది. కంభం కూటం రోజు లేతనీలం అట్ట మీద 'కూర్పు: సువార్తమ్మ, మార్కాపురం' అని చూసి అమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమింది. చదవలేదు కదా, 'సు' ఒక్కటి గుర్తుపట్టి, అక్కడే వేలు ఆనించి చాలాసేపు ఉంచుకుంది. కురిచేడులో ఆ పాట వాళ్ళ చిన్నమ్మ కట్టిందని చెప్పుకున్న ఆమె కూడా వచ్చి ఒక పుస్తకం తీసుకుంది. నాకు ఆ పూట లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అక్కడితో ఆగి ఉంటే నేను సుఖంగా ఉండేవాణ్ణి. కానీ కూటంలో అందరికీ తెగ నచ్చిన పాట ఏదనుకున్నారు? ఇరవై ఒకటోది. పందిరి కింద తెల్లచీరల ఆడవాళ్ళంతా చప్పట్లు చరుస్తూ "ముక్కు మూసి ఊపిరేదని" అని ఎత్తుకుంటే, వెనక వరసలో నేను స్తంభం చాటుకు జరిగాను. పాస్టరయ్యగారు ఆ రెండు పంక్తుల మీదే అరగంట ప్రసంగం చేశారు. "ఎంత లోతైన మాట! ఎవరీ మూఢుడు? ఎక్కడో లేడు, ఇక్కడే, మన మధ్యనే కూర్చుని ఉన్నాడు!" అన్నారు. అందరూ తలలు వంచుకుని ఆత్మపరిశీలన చేసుకున్నారు. ముందు వరసలో అమ్మ ఒక్కతే తల తిప్పి, సూటిగా నన్ను చూసింది. నా పక్కనే నాయనకు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ పాట ఇప్పుడు గిద్దలూరు దాకా పాకింది. పోయిన చోటల్లా నిలబడి, పుస్తకం తెరిచి, నేనూ గొంతు కలపాల్సిందే.

అందువల్ల ఇది చదివే మీ అందరి సాక్షిగా, పలకల రాయి మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బెజ్జం ఉన్న ఏ వస్తువుకూ, ఆ బెజ్జం ఎందుకుందో తెలుసుకోకుండా, నా జీవితంలో టేపు వేయను. రెయిన్‌కోటును వానకు తప్ప వాడను. అరచెయ్యి పెట్టి జ్వరముందని చెప్పిన వాళ్ళను ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చి, తర్వాతే నా చదువు చూపిస్తాను. ఏ యంత్రం ఎక్కడ ఆగినా సరే, మా అమ్మ పాటలో ఒక్క చరణం కూడా తగ్గించమనను.

ల్యాప్‌టాప్‌లో ఇంతవరకు రాసి, ఎట్లా ఉందో అని ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించాను. అమ్మ కళ్ళు మూసుకుని "ఆమేన్" అంది. నాయన లేచి వచ్చి, నా ల్యాప్‌టాప్ కాలుతోందేమోనని కింద చెయ్యి పెట్టి చూసి, "చూద్దాంలే" అన్నాడు.